మీ పని తెలిసిన రెండో మనిషి ఎవరు?

(కొత్తగా చేరిన పీహెచ్‌డీ స్కాలర్ల కోసం ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన సమావేశంలో, ఈ మధ్యే రిటైరైన చరిత్ర ఆచార్యురాలు చేసిన ప్రసంగం. ఆడియో విని రాసినది. ఒకటికి రెండుసార్లు వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి నాయనా, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. కాగితాలంటే పెద్దగా ఏమీ లేవు, నాలుగు అంకెలు రాసుకొచ్చాను. ఈ వయసులో అంకెలు గుర్తుండవు.

ముందు ఒక ప్రశ్న. చేతులెత్తక్కర్లేదు, మనసులో అనుకుంటే చాలు. రేపు పొద్దున మీ గైడు గారికి ఒంట్లో బాగాలేక ఆర్నెల్లు సెలవు పెట్టారనుకోండి. మీరు దేని మీద పని చేస్తున్నారు, ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది, ఈ మూడూ చెప్పగలిగిన మనిషి ఈ క్యాంపస్‌లో ఇంకొకరు ఉన్నారా? హాస్టల్లో మీ రూమ్మేటు లెక్కలోకి రాడు. మీరు రాసింది చదివి తప్పు పట్టగలిగిన మనిషి కావాలి.

మీరు చేరి రెండు నెలలే కాబట్టి ఇప్పుడు లేరన్నా తప్పు లేదు. మూడో సంవత్సరంలోనూ ఇదే జవాబొస్తే మాత్రం ప్రమాదమే. ఈరోజు నేను మాట్లాడేది ఆ రెండో మనిషి గురించే.

మన దగ్గర పీహెచ్‌డీ అంటే ఒక గైడు, ఒక స్కాలరు. అంతే. "ఎవరి దగ్గర చేస్తున్నావు?" అని అడుగుతాం గానీ "ఏం చేస్తున్నావు?" అని రెండో ప్రశ్నగానే అడుగుతాం. పెళ్లి సంబంధాల్లో ఇంటిపేరు అడిగినట్టు. ఇందులో మంచి లేదని అనను. గైడు గారింట్లో భోంచేసి, ఆయన పుస్తకాల బీరువాలోంచి తెచ్చుకుని చదివి పైకొచ్చిన తరం మాది. ఆ ఆప్యాయత ఏ నిబంధనలోనూ రాయలేరు. కానీ దాని వెనకే ఇంకొకటి వస్తుంది. ఆ ఒక్క మనిషికి తెలిసినంతే మీకు తెలుస్తుంది. ఆ ఒక్క మనిషి ఆరోగ్యం, మూడ్, బదిలీ, రిటైర్మెంటు, అన్నీ మీ సిద్ధాంత గ్రంథానికి చుట్టుకుంటాయి.

నా సంగతి చెప్తాను. నేను పరిశోధన చేసింది చెరువుల మీద. కోదాడ వైపు చెరువులు, జగ్గయ్యపేట వైపు చెరువులు. ఇప్పుడు బస్సులో అరగంట దూరం. 1948కి ముందు మాత్రం కోదాడ నిజాం రాజ్యం, జగ్గయ్యపేట మద్రాసు ప్రెసిడెన్సీ. ఒకే వాన, ఒకే నేల, రెండు ప్రభుత్వాలు. చెరువుల్ని ఎవరు బాగా చూసుకున్నారన్నది నా ప్రశ్న.

మా గైడు సారు దిట్ట. మద్రాసు రెవెన్యూ రికార్డులు ఆయనకి కొట్టిన పిండి. ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఏ రికార్డు ఎక్కడ దొరుకుతుందో నిద్రలో అడిగినా చెప్పేవారు. నిజాం వైపు రికార్డులు మాత్రం ఆయన చూడలేదు. అవి ఉర్దూలో ఉంటాయి. తార్నాక ఆర్కైవ్స్‌లో కూర్చుని, ఒక రిటైరైన ఉర్దూ సారుని బతిమాలుకుని, ఆయన చదువుతుంటే నేను తెలుగులో రాసుకునేదాన్ని. ఆయనకి నేనిచ్చింది ఏమీ లేదు, ఇరానీ చాయ్ తప్ప.

రెండేళ్లు తిరిగి ఒక టేబుల్ తయారుచేశాను. ఎడమ పక్క ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకి వాడే ఏడాది, కుడి పక్క రెండు గళ్లు, అటు చెరువులకి పడిన గండ్లు, ఇటు పడిన గండ్లు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అది అందరికీ తెలిసిందే. టేబుల్ చూస్తే ఒక విచిత్రం కనపడింది. ఎప్పుడు చూసినా నిజాం వైపు గండ్లు ఒక ఏడాది ముందు పడుతున్నాయి, మద్రాసు వైపు ఏడాది తర్వాత. నాకు ఒళ్లు పులకరించింది. నిర్వహణ సరిగ్గా లేదు కాబట్టి వాళ్ల కట్టలు ముందే తెగుతున్నాయని 40 పేజీల చాప్టర్ రాసేశాను. సారు చదివి "చాలా బాగుందమ్మా" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. ఆయనకి తెలిసిన సగం కచ్చితంగా కరెక్టే.

అదే చాప్టర్‌ని, ఎందుకో గుర్తులేదు, ఎకనమిక్స్ డిపార్ట్‌మెంట్లో ఒక మాస్టారికి ఇచ్చాను. మా డిపార్ట్‌మెంటు కాదు, నాకు అఫీషియల్‌గా ఏమీ కారు. వారం తర్వాత పిలిచి, కళ్లజోడు పైకి నెట్టుకుని అడిగారు. "మధ్యలో బోర్డరు దగ్గర మబ్బు ఏడాది పాటు ఆగి పర్మిట్ తీసుకుందా అమ్మా?"

(నవ్వులు)

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. తార్నాక పోయి ఉర్దూ సారుని అడిగితే ఆయన ఎంతో మామూలుగా చెప్పారు. "మా ఏడాది ఆజూర్‌తో మొదలవుతుంది బేటీ. అంటే అక్టోబరు." మద్రాసు వైపు ఫసలీ జూలై 1న మొదలవుతుంది. అంకె ఒకటే, మొదలయ్యే నెల వేరు. 1934 ఆగస్టులో వాన కొట్టి గండి పడిందనుకోండి. మద్రాసు రికార్డులో అది 1344 ఫసలీ. నిజాం రికార్డులో ఇంకా 1343. మన నైరుతి వానలు చాలావరకు జూలై నుంచి సెప్టెంబరు దాకా, ఆ మూడు నెలల్లోనే పడతాయి కదా. చెరువులకి గండ్లు పడేదీ అప్పుడే. ఒకే రాత్రి, ఒకే వానకి తెగిన రెండు కట్టలు నా టేబుల్లో ఏడాది ఎడంగా కూర్చున్నాయి. నా 40 పేజీల సిద్ధాంతం మొత్తం క్యాలెండరు మీద కట్టిన మేడ.

ఇది నేనెందుకు ఇంత సేపు చెప్తున్నానంటే, ఈ తప్పు పట్టుకోవడానికి ముగ్గురు కావలసి వచ్చారు. మా గైడుకి ఒక క్యాలెండరు తెలుసు. ఉర్దూ సారుకి రెండోది తెలుసు, కానీ నా టేబుల్ ఆయన చూడలేదు. ఎకనమిక్స్ మాస్టారికి ఏ క్యాలెండరూ తెలియదు, అంకెలు అబద్ధమాడుతున్నాయని మాత్రం వాసన పట్టారు. ఈ ముగ్గురిలో ఏ ఇద్దరినే ఉంచినా ఆ చాప్టర్ అలాగే అచ్చయ్యేది. వైవాలో ఎవరో పట్టుకునేవారు. లేదా ఎవరూ పట్టుకోకపోయేవారు, అది ఇంకా ఘోరం.

తర్వాత నాలుగో ఏడు మా గైడు సారుకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. ఆ బాధ అలా ఉండగానే, నన్ను ఇంకొకరికి అప్పగించారు. ఆయన మొదటి రోజే అన్న మాట, "ఈ చెరువులు నాకు తెలియవు, టాపిక్ మార్చుకో." మూడు చాప్టర్లు చేతిలో పెట్టుకుని టాపిక్ మార్చుకోవాలి! అప్పుడు ఎకనమిక్స్ మాస్టారు మా హెడ్‌కి రెండు పేజీల ఉత్తరం రాశారు. ఏ చాప్టర్ ఎప్పుడు చదివాను, ఏం మార్చమన్నాను, ఆ అమ్మాయి ఏం మార్చింది, ఇక మిగిలింది ఏమిటి, తేదీలతో సహా. ఆయనకి అంత జ్ఞాపకశక్తి ఉండి కాదు. నేను కలిసిన ప్రతిసారీ ఒక నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాయించేవారు. ఆ నోట్‌బుక్ ఎదురుగా పెట్టుకుని రాశారు. ఆ ఉత్తరంతో టాపిక్ నిలబడింది. ఇంకో ఏడాదిన్నరకి సబ్మిట్ చేశాను.

అప్పట్లో నాకు దొరికింది అదృష్టం కొద్దీ దొరికింది. మీకు అది హక్కుగా ఉంది. యూజీసీ 2022 నవంబరులో పీహెచ్‌డీకి కొత్త నిబంధనలు తెచ్చింది. 2016 నాటి వాటి స్థానంలో వచ్చాయి. రెండింట్లోనూ ఉన్న మాట, ప్రతి స్కాలరుకీ ఒక రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉండాలి. అందరం ఆర్‌ఏసీ అంటాం, కొన్ని ఐఐటీల్లో డాక్టోరల్ కమిటీ అంటారు. మీ గైడు దానికి కన్వీనరు. టాపిక్ ఖరారు చెయ్యడంలో, పద్ధతి నిర్ణయించడంలో సాయపడటం, ఎంతవరకు వచ్చిందో ఎప్పటికప్పుడు చూడటం దాని పని. ప్రతి సెమిస్టర్లో ఒకసారి మీరు దాని ముందు కూర్చుని ఏం చేశారో చెప్పాలి. పని బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో, ఏం చేస్తే బాగుపడుతుందో కమిటీ రాతపూర్వకంగా చెప్పాలి. అవసరమైతే వేరే డిపార్ట్‌మెంటు నుంచో వేరే సంస్థ నుంచో కో-సూపర్వైజర్‌ని పెట్టుకోవచ్చు. నాకు ఆ రోజుల్లో ఇది ఉంటే ఎకనమిక్స్ మాస్టారు దొంగచాటుగా నా చాప్టర్ చదవాల్సిన అవసరం ఉండేది కాదు.

కాగితం మీద బాగుంది. మరి గదిలో ఏం జరుగుతుంది? నేను ఎన్ని ఆర్‌ఏసీల్లో కూర్చున్నానో లెక్కలేదు. ఒకటి చెప్తాను, చాలావరకు ఇలాగే ఉంటాయి. మీటింగు పదకొండింటికి. పదకొండుంపావుకి ఒకాయన వస్తారు. ఇంకొకరు ఇన్విజిలేషన్‌లో ఉండి పదకొండున్నరకి వస్తారు. ఈలోపు స్కాలరు కుర్రాడు ప్రొజెక్టరు వైరుతో కుస్తీ పడుతుంటాడు. బల్ల మీద సమోసాలు, ఉస్మానియా బిస్కెట్లు, వాటర్ బాటిళ్లు. ఆ కుర్రాడి డబ్బులే. రాష్ట్ర వర్సిటీల్లో చాలామందికి ఫెలోషిప్పే ఉండదు, పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పుకుంటూ చదువుతారు. వాడి చేత సమోసాలు కొనిపించి తినడానికి మనకి చెయ్యెలా వస్తుందో నాకు అర్థం కాదు. నేనూ తిన్నాను, కాదనను. చివరి అయిదారేళ్లు మాత్రం మానేశాను, నా డబ్బాలో నేను తెచ్చుకునేదాన్ని.

సరే, స్లైడ్లు మొదలవుతాయి. ముప్పై రెండు స్లైడ్లు. ఎనిమిదో స్లైడు దగ్గర ఎవరి ఫోనో మోగుతుంది. పన్నెండో స్లైడు దగ్గర "కంక్లూజన్‌కి వెళ్లు బాబూ" అంటారు. ఆఖర్న ఒకరు "శాంపిల్ సైజు పెంచు", ఇంకొకరు "రిఫరెన్సులు సరిచూసుకో". ముందే టైపు చేసిన కాగితం వస్తుంది, దాని మీద "ప్రోగ్రెస్ ఈజ్ శాటిస్‌ఫాక్టరీ". మూడు సంతకాలు. ఇరవై నిమిషాలు. ఆ కుర్రాడు బయటికొచ్చి స్నేహితులకి "ఆర్‌ఏసీ అయిపోయిందిరా" అంటాడు. అయిపోయింది అంటాడు చూడండి, జ్వరం తగ్గిపోయినట్టు.

అయిదు సెమిస్టర్లు శాటిస్‌ఫాక్టరీ అని సంతకం పెట్టి, ఆరో సెమిస్టర్లో "అసలు నీ రీసెర్చ్ ప్రశ్న ఏమిటి?" అని అడిగిన కమిటీని చూశాను. ఆ కమిటీలో నేను ఉన్నాను. ఆ అబ్బాయి నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అంతకు ముందు అయిదుసార్లు నేను చదవకుండానే సంతకం పెట్టాను. ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను. పది రోజుల ముందు పది పేజీలు పంపితేనే మీటింగుకి వస్తాను. స్లైడ్లు వద్దు, పేజీలు కావాలి. స్లైడులో దాచుకోగలిగినవి పేజీలో దాచుకోలేం. మా సహోద్యోగులు మొదట విసుక్కున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. అలా పేజీలు చదివొచ్చిన మీటింగు గంటన్నర పట్టేది, కానీ ఆ గంటన్నర తర్వాత స్కాలరు బయటికి వెళ్లేటప్పుడు నడక వేరేగా ఉండేది.

ఇక్కడ గైడ్ల పక్షాన కూడా ఒక మాట. ముందు వరసలో కూర్చున్న వాళ్లు ఇందాకట్నుంచి నన్ను కోపంగా చూస్తున్నారు. (నవ్వులు) నిబంధన ప్రకారం ప్రొఫెసర్ 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ 6గురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4గురిని గైడ్ చెయ్యొచ్చు. ఎనిమిది మంది అనుకోండి. ఏడాదికి ఒక్కొక్కరు రెండు చాప్టర్లు, చాప్టర్‌కి 60 పేజీలు. 960 పేజీలు. ప్రతిదీ రెండుసార్లు చదవాలి, దిద్దింది సరిచేశారో లేదో చూడాలి కదా. 1,920 పేజీలు. శ్రద్ధగా చదివితే గంటకి పది పేజీలకి మించి సాగదు. 192 గంటలు. రోజుకి ఆరు గంటల చొప్పున, క్లాసులూ పేపర్లూ మీటింగులూ ఏమీ లేకుండా, 32 రోజులు. సగం పోస్టులు ఖాళీగా ఉన్న డిపార్ట్‌మెంట్లో ఆ 32 రోజులు ఎక్కణ్నుంచి తెస్తారు? మీ చాప్టర్ ఆయన బల్ల మీద రెండు నెలలు ఉందంటే ప్రతిసారీ నిర్లక్ష్యం అనుకోకండి. అందుకే కమిటీలో ఇంకో ఇద్దరు చదివేవాళ్లు ఉండాలంటున్నాను. గైడు బరువు దిగుతుంది, మీ పనీ కదులుతుంది.

దిద్దడం గురించి కూడా చెప్పాలి. మనలో ఎక్కువమంది తెలుగు మీడియంలో చదివి, థీసిస్ ఇంగ్లీషులో రాస్తాం. గైడు కలం తీస్తే మొత్తం ఎర్ర ఇంకు ఆర్టికల్స్ మీదా టెన్సుల మీదా అయిపోతుంది. చివరికి ఇంగ్లీషు బాగుపడుతుంది, వాదం అలాగే వంకరగా ఉండిపోతుంది. మా ఎకనమిక్స్ మాస్టారు నా ఇంగ్లీషు ఒక్క ముక్క దిద్దలేదు. మార్జిన్లో పెన్సిలుతో మూడే మాటలు రాసేవారు. "ఎవరన్నారు?" "అయితే?" "ఎంత?" చెరువులు పాడైపోయాయి అని రాస్తే పక్కన "ఎంత?" ప్రభుత్వం నిర్లక్ష్యం చేసింది అంటే "ఎవరన్నారు?" పెద్ద పేరా రాసి మురిసిపోతే కింద "అయితే?" ఈ మూడూ నేను ముప్పై ఏళ్లు నా స్కాలర్ల మీద వాడాను. కాపీరైటు లేదు, మీరూ వాడుకోండి. భాష దిద్దే పని మాత్రం ఇంకొకరికి ఇవ్వండి. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లో స్నేహితులు, సీనియర్లు ఉంటారు. వాళ్లూ మీ టీమే.

ఇప్పుడు అసలైన తలనొప్పి. ఇద్దరు ముగ్గురు చదవడం మొదలుపెడితే ముగ్గురూ మూడు చెప్తారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అనలేదు. గైడు ఇంటర్వ్యూలు చెయ్యమంటారు, కో-గైడు సర్వే చెయ్యమంటారు. మీరు ఈయన గదిలో ఈయనకి సరే అని, ఆయన గదిలో ఆయనకి సరే అని ఆర్నెల్లు తిరుగుతారు. పైగా వాళ్లిద్దరికీ ప్రమోషన్ దగ్గర పాత గొడవేదో ఉంటుంది, అది మీకు తెలియదు. ఆబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టు మధ్యలో మీరు నలిగిపోతారు.

దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. రాతలో పెట్టండి, ఇద్దరికీ ఒకే మెయిల్. "సార్, మేడం, ఇవాళ మీరిద్దరూ చెప్పినవి నాకిలా అర్థమయ్యాయి. ఇంటర్వ్యూలు 20, సర్వే 100. రెండూ చెయ్యాలంటే ఫీల్డ్‌వర్క్ మార్చి దాటుతుంది. ఏది ముందు చెయ్యమంటారో చెప్పగలరు." అంతే. ఫిర్యాదు లేదు, ఎవరిదీ తప్పనలేదు. కానీ ఇప్పుడు ఆ మాట వాళ్లిద్దరి మధ్యా ఉంది, మీ నెత్తి మీద లేదు. కలిసిన ప్రతిసారీ అదే రోజు సాయంత్రం అయిదు లైన్ల మెయిల్ పెట్టండి. ఏం మాట్లాడుకున్నాం, నేనేం చేస్తాను, మీరేం చూస్తానన్నారు, మళ్లీ ఎప్పుడు. జవాబు రాకపోయినా ఫరవాలేదు. నా నోట్‌బుక్కే అది, ఇప్పుడు మెయిల్లో.

మీలో కొందరికి ఇలా రాయడం అమర్యాద అనిపిస్తుంది. గురువుగారి మాట రాసిపెట్టుకోవడం అంటే నమ్మకం లేదనా? కాదమ్మా. ఆయన నోటి నుంచి వచ్చింది పోగొట్టుకోకూడదని రాసుకోవడం మర్యాదే.

బ్రిటన్‌లో సూపర్వైజరీ టీమ్ అని మాటే వాడతారు. చేరిన రోజు నుంచే మెయిన్ సూపర్వైజరు, రెండో సూపర్వైజరు ఉంటారు. కలిసినప్పుడల్లా రికార్డు ఉంటుంది. పరీక్షకి సూపర్వైజరు మామూలుగా ఎగ్జామినర్‌గా ఉండరు. మన దగ్గర గైడు కూడా మూల్యాంకనం చేస్తారు, ఆయనతో పాటు బయటివాళ్లు కనీసం ఇద్దరు. అక్కడంతా స్వర్గం అనుకోకండి. అక్కడ చదువుకునే మన పిల్లలు ఫోన్ చేసి చెప్పే బాధలు కొన్ని అచ్చం మనవే. రెండో సూపర్వైజరు పేరు మాత్రమే తెలుసు, మనిషిని చూడలేదు అన్న వాళ్లున్నారు. పేరు రాసినంత మాత్రాన మనిషి రాడు.

డబ్బు సంగతి కూడా కమిటీతో ముడిపడి ఉంది. జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉన్నవాళ్లకి ఇప్పుడు నెలకి 37,000, రెండేళ్ల తర్వాత కమిటీ చూసి సరేనంటే ఎస్ఆర్‌ఎఫ్, అంటే సీనియర్ ఫెలోషిప్, 42,000. ఆ మీటింగు మూడు నెలలు వాయిదా పడితే ఆ పెరిగిన డబ్బు చేతికి రావడమూ ఆగుతుంది. ఇంటికి డబ్బు పంపేవాడికి ఆ టెన్షన్ ఏమిటో మా వాళ్లకి చాలామందికి తట్టదు. మీరే గుర్తుచెయ్యాలి, రెండు నెలల ముందు నుంచి. సెక్షన్లో ఫైలు చూసే ఉద్యోగితో మంచిగా ఉండండి. ఆయన కూడా మీ టీమే, నేను నవ్వులాటకి అనడం లేదు.

ఆడపిల్లలకి ప్రత్యేకంగా. ఇంట్లో పెళ్లి, ఆపైన పిల్లలు అని పీహెచ్‌డీ మానేసిన వాళ్లని చాలామందిని చూశాను. వాళ్లలో సగం మందికి సెలవు దొరుకుతుందని తెలియదు. ప్రసూతికీ పిల్లల సంరక్షణకీ మొత్తం 240 రోజుల వరకు ఉంది. పీహెచ్‌డీకి మామూలుగా ఆరేళ్లు గడువు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఎనిమిది. ఆడవాళ్లకి, 40 శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకి ఇంకో రెండేళ్లు, పదేళ్ల వరకు. పెళ్లయి ఊరు మారితే పరిశోధనని వేరే యూనివర్సిటీకి మార్చుకునే వీలు కూడా, షరతులతో, ఉంది. గైడుకి చెప్పడానికి మొహమాటమైతే కమిటీలో ఒక మేడమ్‌కి చెప్పండి. కమిటీలో ఒక్క ఆడమనిషైనా ఉండేలా చూడమని హెడ్లని నేను అడుగుతూనే ఉంటాను.

టీమ్ అనే మాటకి ఇంకో వైపు ఉంది. గైడు గారి పిల్లల్ని బడి నుంచి తీసుకురావడం, కరెంటు బిల్లు కట్టడం, ఆయన పేపర్లు దిద్దడం, ఇవి పరిశోధన కాదు. ఒకసారి రెండుసార్లు మనిషికి మనిషి సాయం, సరే. వారం వారం అయితే అది వెట్టి. అంతకు మించిన ఇబ్బంది, ముఖ్యంగా ఆడపిల్లలకి, ఎదురైతే ఆర్‌ఏసీ దాకా ఆగొద్దు. లైంగిక వేధింపుల ఫిర్యాదులకి ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి, చట్టం 2013 నుంచి ఉంది. మిగతా వాటికి విద్యార్థి ఫిర్యాదుల కమిటీ, దాని మీద ఓంబుడ్స్‌పర్సన్, అంటే అక్కడ తేలని ఫిర్యాదులు వినే పెద్ద. మనసు బాగాలేక రాత్రుళ్లు నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు.

నాది అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(వెనక వరస నుంచి ఒక విద్యార్థి: మేడం, మా గైడు సారు ఇంకో రెండేళ్లలో రిటైరవుతున్నారు. నన్నెందుకు తీసుకున్నారో తెలియదు.)

రెండేళ్లా? మూడేళ్ల కన్నా తక్కువ సర్వీసు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లని తీసుకోకూడదని 2022 నిబంధనల్లోనే ఉంది. నీ రిజిస్ట్రేషన్ తేదీ, ఆయన రిటైర్మెంటు తేదీ రెండూ ముందు సరిగ్గా చూసుకో. మూడేళ్లు ఉన్నప్పుడే చేరి ఉంటే ఇబ్బంది లేదు. రిటైరయ్యాక ఆయన కో-సూపర్వైజరుగా కొనసాగొచ్చు, 70 ఏళ్లు వచ్చే వరకు. అసలు గైడుగా సర్వీసులో ఉన్న ఇంకొకరు కావాలి. ఆ ఇంకొకరు ఎవరో ఆయన రిటైరయ్యే రోజున వెతుక్కోకు. ఈ సెమిస్టర్లోనే ఆయన్నే అడుగు, "సార్, మీ తర్వాత నా పని ఎవరు చూస్తే బాగుంటుంది?" అని. ఆయన నొచ్చుకోరు. నొచ్చుకున్నా రెండు రోజులే.

(ముందు వరసలో ఒక విద్యార్థిని: కమిటీ మెంబర్లకి పేజీలు పంపితే చదవరు మేడం. అప్పుడు?)

ఎన్ని పంపావు?

(నూటపది.)

(నవ్వులు) నూటపది నేనూ చదవను తల్లీ. పది పంపు. నీకు ఎక్కడ అనుమానమో ఆ పది. పైన ఒక లైను రాయి, "ఆరో పేజీలో ఉన్న టేబుల్ నాకే నమ్మబుద్ధి కావడం లేదు, చూడగలరా" అని. అలా అడిగితే ఎంత బిజీగా ఉన్నవాళ్లైనా ముందు ఆ ఆరో పేజీ తిప్పుతారు. మా ఎకనమిక్స్ మాస్టారికి నేనిచ్చిన చాప్టర్లో ఆ టేబుల్ ఉన్నది పదిహేడో పేజీలో. ఆ ఫొటోస్టాట్ ఇంకా నా దగ్గరుంది. "ఎంత?" అని పెన్సిలుతో రాసిన మాట వెలిసిపోయింది గానీ, లైటుకి పట్టుకుంటే కనిపిస్తుంది.

వెనక వాళ్లకి టీ వచ్చినట్టుంది. ఈ టీ ఎవరి డబ్బులు? డిపార్ట్‌మెంటువేనా? అయితే తాగుదాం పదండి.